వాదించే మిత్రుడు పోయాక: సభ, సంచిక, కాగితాలు

తత్త్వశాస్త్రం చెప్పిన సహోద్యోగి పోతే చెన్నైలో మామూలుగా జరిగేది ఇదీ: వారం తిరక్కుండా సంతాపసభ, దండ వేసిన ఫోటో, 15 మంది వక్తలు, 2 నిమిషాల మౌనం, కాఫీ. ఆయన ఎంత మంచివాడో అందరూ చెప్తారు. జన్మంతా దేని గురించి వాదించాడో, ఆ వాదం నిలిచేదో కాదో ఒక్కరూ ఎత్తరు. ఈ ఊళ్లో సంగీత విద్వాంసుడు పోతే ఆయన పేరిట కచేరీ పెడతారు. తత్త్వవేత్త పోతే వాదమే పెట్టాలి. సభ కుదర్చడం, నివాళి రాయడం, రచనల పట్టిక వేయడం, సంచిక తేవడం, ఇంట్లో మిగిలిన కాగితాల సంగతి చూడటం అన్నీ ఆ లెక్క ప్రకారమే కింద రాశాం.

పెద్దకర్మ అయ్యేదాకా

ఈ రోజుల్లో పుస్తకాల ఊసు ఇంట్లో ఎత్తకూడదు, ఒక్క మాట తప్ప. పెద్దకర్మకి చుట్టాలు వస్తారు, ఇల్లు సర్దుతారు, గదిలో గుట్టలుగా ఉన్న కాగితాలు పాత పేపర్ల కొట్టుకి వెళ్లిపోతాయి. జరగాల్సిన నష్టంలో చాలా భాగం ఈ రెండు వారాల్లోనే జరుగుతుంది, అదీ ఎవరి తప్పూ లేకుండా. పరామర్శకి వెళ్లినప్పుడు ఇంత చాలు: "వదినగారూ, ఆయన గదిలో కాగితం ముక్క కూడా ఇప్పుడే పారేయనివ్వకండి. తర్వాత తీరిగ్గా వచ్చి చూస్తాం." చుట్టాలు పడుకోవడానికి ఆ గదే కావాలంటే, కాగితాల్ని ఉన్నవి ఉన్న వరసలో అట్టపెట్టెల్లోకి ఎత్తి, పెట్టె మీద "బల్ల ఎడమ పక్క", "మంచం కింద" అని రాసి పెట్టండి. విషయాల వారీగా సర్దవద్దు. చిత్తుప్రతి కింద ఉన్న ఉత్తరం ఆ వ్యాసానికి వచ్చిన ఆక్షేపణే అయ్యుండొచ్చు. వ్యాసాలన్నీ ఒకచోట, ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టారంటే ఆ సంబంధం మళ్లీ దొరకదు.

కాలేజీలోనో యూనివర్సిటీలోనో గది ఉంటే, ఖాళీ చేయమని ఉత్తరం రాకముందే శాఖాధ్యక్షుడి దగ్గర 2 నెలల గడువు కాగితం మీద తీసుకోండి. కంప్యూటర్ సంస్థదైతే ఇంకా తొందరపడాలి. వెనక్కి తీసుకున్న యంత్రాన్ని ఫార్మాట్ చేసి మరొకరికి ఇచ్చేస్తారు. ఇంటివాళ్ల అనుమతితో, వాళ్లలో ఒకరు పక్కన ఉండగా, డిస్క్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయించండి. ఇక ఫోను. పోయినవారి సిమ్‌ని రద్దు చేయించేయడం ఇళ్లలో మొదట చేసే పనుల్లో ఒకటి. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి కనుక ఆరు నెలలైనా రీచార్జ్ చేయిస్తూ ఉండమనండి. జీమెయిల్‌ని 2 ఏళ్లపాటు ఎవరూ వాడకపోతే గూగుల్ ఆ ఖాతాని తీసేయొచ్చు. వారసులు మరణ ధ్రువపత్రం జతచేసి అర్జీ పెట్టుకోవచ్చు గానీ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వరు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలుంటే, సభకంటే ముందు వాళ్ల పని చూడాలి. గైడ్ మార్పుకి అర్జీ, కొత్త గైడ్ ఒప్పుకోలు పత్రం, అప్పటిదాకా జరిగిన పని మీద ఒక నివేదిక కావాలి. ఎవరూ పట్టించుకోకపోతే ఆ ఫైలు ఒక టేబుల్ దగ్గరే కూర్చుంటుంది, ఈలోగా ఫెలోషిప్ ఆగుతుంది. ఆయన ఎర్రసిరాతో దిద్ది ఇచ్చిన అధ్యాయాలు ఆ పిల్లల దగ్గరే ఉంటాయి. వాటినీ స్కాన్ చేయించుకోండి. ఆయన ఎలా ఆలోచించేవాడో అచ్చైన వ్యాసాలకంటే ఆ మార్జిన్లే ఎక్కువ చెప్తాయి.

నివాళి రాసేటప్పుడు

పత్రికకి పంపే వార్త వేరు, జర్నల్‌కి రాసే నివాళి వేరు. వార్త ఆ సాయంత్రానికే వెళ్లాలి. 150 మాటలు మించకుండా పూర్తి పేరు, వయసు, చేసిన ఉద్యోగాలు, ఏ విషయంలో పనిచేశాడు, రెండు ముఖ్యమైన పుస్తకాలు, కుటుంబం, అంత్యక్రియల వేళ ఉంటే సరిపోతుంది. జర్నల్‌కి 1,000 నుంచి 1,500 మాటలు, 2 నెలల్లోగా.

రెండింట్లోనూ తప్పులు దొర్లేది పుట్టినతేదీ దగ్గర, పేరు దగ్గర. బడిలో వేసిన తేదీ, జాతకంలో తేదీ వేరుగా ఉండటం ఒక తరం వాళ్లకి మామూలే. రిటైర్‌మెంట్ కాగితాల్లో బడి తేదీ ఉంటుంది, ఇంట్లో చెప్పేది జాతకం తేదీ. ఏది వేస్తున్నారో ఇంటివాళ్లని అడిగి, అన్నిచోట్లా అదే వేయండి. పేరుతో చిక్కు చెన్నైలో మరీ ఎక్కువ. మన ఇనీషియల్ ఇంటిపేరు, తమిళుల ఇనీషియల్ తండ్రి పేరు. ఆఫీసు రికార్డులో ఎవరో ఇనీషియల్‌ని తండ్రి పేరుగా విప్పి రాసేస్తారు, మరణ ధ్రువపత్రంలోకి అదే ఎక్కుతుంది, పత్రికలోనూ అదే వస్తుంది. ధ్రువపత్రం తీసుకునే రోజే ఆధార్‌తో, పెన్షన్ కాగితంతో పోల్చి చూసుకోండి. తర్వాత దిద్దించుకోవాలంటే, అది అయ్యేదాకా బ్యాంకు పనులన్నీ ఆగిపోతాయి.

వార్తని ఎవరైనా రాయగలరు. జర్నల్ నివాళి రాయడం కష్టం. నాలుగింట ఒక వంతు జీవితం, సగం ఆయన పట్టుకున్న సమస్య, మిగిలింది ఆయన మీద వచ్చిన ఆక్షేపణలు, ఆయన మనసు మార్చుకున్న సందర్భాలు అని కొలత పెట్టుకోండి. ఆయన వాదాల్లో ఒక్కదాన్ని ఎంచుకుని 150 మాటల్లో, ఎం.ఎ. మొదటి ఏడాది పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పాలి. "ప్రామాణ్యవాదంలో విశేష కృషి చేశారు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాసి చూడండి: "జ్ఞానం పుట్టడంతోనే అది నిజమన్న నమ్మకమూ వస్తుందని మీమాంసకులు అంటారు. నైయాయికులు ఒప్పుకోరు. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగాం, దాహం తీరింది, అప్పుడే మొదటి జ్ఞానం నిజమని తేలిందంటారు. మరి దాహం తీరిందన్న జ్ఞానం నిజమని దేనివల్ల తేలింది? దానికి ఇంకొకటి, దానికి మరొకటి అంటూ పోతే అంతే ఉండదు, దీన్నే అనవస్థ అంటారు. దాన్ని ఎక్కడ, ఏ హక్కుతో ఆపాలన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న." ఇంత చెప్పాక ఆయన ఎక్కడ ఆపాడో చెప్పండి, అక్కడ ఆపడం కుదరదన్నవాళ్ల మాట కూడా చెప్పండి.

రాయడం అయ్యాక "తీరని లోటు", "నడిచే విజ్ఞాన సర్వస్వం", "నిగర్వి", "మృదుభాషి" కనిపించిన చోటల్లా కొట్టేయండి. వాక్యం ఇంకా నిలబడి ఉంటే మంచిది, కూలిపోతే అందులో మొదటినుంచీ ఏమీ లేదన్నమాట. "అజాతశత్రువు" అన్నది తత్త్వవేత్త విషయంలో పొగడ్త అవునో కాదో కూడా అనుమానమే.

చనువున్న మిత్రుడి వాదంలో లోపం చెప్పడానికి మొహమాటపడేవాళ్లకి ఈ ఊరి కథే ఒకటుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఎ. కోసం వేదాంతంలోని నీతి మీద థీసిస్ రాశారు. అది 1908లో అచ్చైంది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకి అది జవాబు. ఆ కాలేజీలో ఆయన గురువు ఎ.జి. హాగ్ క్రైస్తవ మిషనరీ, కర్మ సిద్ధాంతాన్ని విమర్శించినవాడు. ఆ థీసిస్‌ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చింది ఆయనే. ఏకీభవించకుండానే గౌరవించడం ఇక్కడ కొత్తేమీ కాదు.

రచనల పట్టిక

అన్నింట్లోకీ విసుగు పుట్టించే పని ఇదే, ఎక్కువ కాలం ఉపయోగపడేదీ ఇదే. సభ వీడియో మూడేళ్ల తర్వాత ఎవరూ చూడరు. పట్టికని ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒక పరిశోధకుడు వెతుక్కుంటాడు.

ఎక్సెల్ షీటులో ఇవి ఉండాలి: సంవత్సరం, అచ్చులో ఉన్నది ఉన్నట్టు శీర్షిక, భాష, పత్రిక పేరు, సంపుటి, సంచిక, పేజీలు, కాపీ ఎక్కడ ఉంది, ఎవరు కంటితో చూశారు. చివరి గడి ముఖ్యం. ఎవరూ చూడని రచన పక్కన చుక్క గుర్తు పెట్టండి. ఆయన స్వయంగా తయారుచేసుకున్న బయోడేటా మీద పూర్తిగా ఆధారపడకూడదు. అందులో "అచ్చులో ఉంది" అన్న వ్యాసాలు కొన్ని ఎప్పటికీ వచ్చి ఉండవు, సెమినార్లో చదివిన పత్రం వ్యాసంగా మారి ఉంటుంది, పేజీ నంబర్లు జ్ఞాపకం మీద వేసి ఉంటాయి.

వెతికేటప్పుడు పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. పూళ్ల తిరుపతి రాజు రచనలన్నీ పి.టి. రాజు పేరుతోనే ఉంటాయి. ఇంటిపేరుతో వెతికినవాడికి దొరకవు. ఇంగ్లీషులో మూర్తి అన్న పేరుకి కనీసం మూడు స్పెల్లింగులున్నాయి. కాశీలో పనిచేసిన టి.ఆర్.వి. మూర్తి వేరు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన కొత్త సచ్చిదానంద మూర్తి వేరు. ఇద్దరూ తత్త్వవేత్తలే, స్పెల్లింగులో తేడా ఒక్క అక్షరం. ఇలాంటి చోట కంప్యూటర్ కేటలాగు ఒకరి పద్దులో ఇంకొకరివి కలిపేయడం వింత కాదు.

ఇంగ్లీషు వ్యాసాలకి ఫిల్‌పేపర్స్ (తత్త్వశాస్త్ర రచనల ఆన్‌లైన్ సూచిక), ఆయన మార్గదర్శకత్వంలో వచ్చిన థీసిస్‌లకి శోధ్‌గంగ (మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటు) చాలావరకు సరిపోతాయి. తెలుగు రచనలే జారిపోతాయి. ఆదివారం అనుబంధాల్లో రాసినవి, మిత్రుల పుస్తకాలకి రాసిన ముందుమాటలు, సావనీర్లలో వేసినవి ఏ కేటలాగులోనూ ఉండవు. పాత తరంవాడైతే 'భారతి' సంచికలు కూడా తిరగేయాలి, 1924లో మొదలైంది ఈ మద్రాసులోనే కదా. ఆకాశవాణి ప్రసంగాలకి ఒక దారి ఉంది. ప్రసంగం అంశం, తేదీ, పారితోషికం రాసిన కాంట్రాక్టు కాగితం ఇంట్లో బ్యాంకు కాగితాల మధ్య దొరుకుతుంది. ఇంటివాళ్లు పన్ను లెక్కల ఫైలు అనుకుని పక్కన పెట్టిన దాన్ని కూడా ఒకసారి అడిగి చూడండి.

సభ

రోజు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా మార్గళి కచేరీలు, మైలాపూరు, టి. నగర్ హాళ్లు దొరకవు, దొరికినా జనం రారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ఒక్క సాయంత్రం వానకి సగం హాలు ఖాళీ. ఏప్రిల్, మే పరీక్షలు, ఎండలు. జులై నుంచి సెప్టెంబరు లేదా ఫిబ్రవరి, మార్చి అయితే తేలిక. పోయిన 40 నుంచి 60 రోజుల మధ్య పెట్టడం మంచిది. అంతకంటే ముందైతే దుఃఖంలో వాదం కుదరదు. ఏడాది గడిచాక చేయాలనుకుంటే, సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుందని గుర్తుంచుకోండి. ఆ రోజు ఇంటివాళ్లది. సభని ఇంగ్లీషు తేదీకి దగ్గర్లోని శనివారానికి పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. పోయినవారికి పట్టింపు లేకపోయినా ముందు వరసలో కూర్చునే పెద్దలకి ఉంటుంది. శనివారం ఐదింటికి పెడితే ఆ గొడవే లేదు.

తెలుగు సభ అయితే టి. నగర్ విజయరాఘవ రోడ్డులో ఆంధ్రా క్లబ్బు ఉంది, మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచిన ఇల్లే అది. పిలుపు ఎంతమందికి పంపినా 60 నుంచి 80 మందికి సరిపోయే గది చాలు. 300 కుర్చీల హాల్లో 70 మంది కూర్చుంటే వాదం నడవదు, అందరూ వెనక వరసల్లో సర్దుకుంటారు.

రెండు గంటల సభకి వేళ ఇలా పంచండి. స్వాగతం 5 నిమిషాలు, ఇంటివాళ్ల తరఫున ఒకరు 5, జీవిత పరిచయం 8, ఆయన రాసిన దాంట్లోంచి ఒక పేజీ చదవడం 5, ఆయన వాదం మీద ప్రధాన ప్రసంగం 25, దానికి ప్రతివాదం 12, చర్చ 25, ముగ్గురు శిష్యులు తలా 5, వందన సమర్పణ 3. మొత్తం 103. మిగిలిన 17 నిమిషాలు ఆలస్యాలకి వదిలేయండి, ఎలాగూ అయిపోతాయి. మాట్లాడాలని ఆశపడే పెద్దలు ఇంకా పదిమంది ఉంటారు. వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టి, సంచికకి రాయమని అడగండి. వేదిక ఎక్కించాక దింపడం ఎవరి తరమూ కాదు. ముఖ్యంగా మాజీ వైస్ చాన్సలర్ల విషయంలో గంట కొట్టే ధైర్యం ఎవరికీ ఉండదు.

వక్త ఒక్కొక్కరికీ వేరే అంశం ఒక వాక్యంలో రాసి పంపాలి. "మీ స్మృతులు పంచుకోండి" అంటే ఐదుగురూ ఒకే సంఘటన చెప్తారు.

సభకి ప్రాణం ప్రతివాది. ఆయనతో అచ్చులో విభేదించినవాళ్లలో ఒకరిని పిలవండి. శాస్త్ర సభల్లో పూర్వపక్షం నడిపే మర్యాదే ఇక్కడా పెట్టండి. మొదటి మూడు నిమిషాలు పోయినాయన వాదాన్ని, ఆయనే ఉండి వింటే "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా చెప్పాలి. ఆ తర్వాతే ఖండన. జవాబు చెప్పే పని ఒక శిష్యుడిది. ప్రధాన ప్రసంగం పాఠం ప్రతివాదికి, ప్రతివాది పాఠం శిష్యుడికి పది రోజుల ముందే చేరాలి. లేకపోతే ముగ్గురూ మూడు వేరే విషయాలు మాట్లాడుకుంటారు. ఇందులో చెడిపోయే తీరు రెండు రకాలు. ఒకటి, ప్రతివాది మొహమాటపడి పొగడ్తలోకి జారిపోవడం. రెండోది ఇంకా చెడ్డది, ప్రమోషన్ల గొడవలు, శాఖలో పాత కక్షలు వేదిక మీదికి రావడం. ఆయన అచ్చులో రాసిన వాక్యాల మీదే మాట్లాడాలి, పేజీ చూపించాలి అని ముందే రాతలో ఒప్పించుకుంటే రెండూ చాలావరకు తప్పుతాయి.

ఇంటివాళ్లకి ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే, పోయినవాడిని సభలో తప్పుపట్టారని ఆ రాత్రంతా బాధపడతారు. "అమ్మా, రేపు ఒకాయన మావాడి వాదాన్ని ఖండిస్తారు. ఆయన్ని పనిగట్టుకుని మేమే పిలిచాం" అంటే అర్థం చేసుకుంటారు, చాలాసార్లు సంతోషిస్తారు కూడా. అటువంటి గొడవలు ఆ ఇంటి వసారాలో చాలా చూసి ఉంటారు.

భాష సంగతి తేల్చుకోకుండా చెన్నైలో సభ పెట్టొద్దు. చుట్టాలు తెలుగు, సహోద్యోగులు తమిళులు, శాఖ వ్యవహారం ఇంగ్లీషు, మనవలకి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. ప్రధాన ప్రసంగం ఏ భాషలో ఉన్నా, దాని సారాంశం మిగతా రెండు భాషల్లో ఒక పేజీ అచ్చువేసి కుర్చీల మీద పెట్టండి. ఆహ్వానం కూడా మూడు భాషల్లో.

రికార్డింగు ఫోనుతో చేస్తే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగలదు. సౌండ్ అతన్ని అడిగి మిక్సర్ నుంచి నేరుగా రికార్డర్‌కి లైను ఇప్పించండి. చర్చ కోసం తిప్పడానికి చేతిమైకు ఇంకొకటి కావాలి, లేకపోతే ప్రశ్నలేవీ రికార్డు కావు. కాఫీ సభకి ముందు, టిఫిన్ సభ తర్వాత. మధ్యలో విరామం పెట్టి ఇడ్లీ పంచారంటే చర్చకి మిగిలేది నిర్వాహకులే.

స్మారక సంచిక

12 వ్యాసాలు, ఒక్కోటి 3,500 మాటలు. డెమ్మీ 1/8 సైజులో పేజీకి సుమారు 200 మాటలు పడతాయి కాబట్టి 210 పేజీలు. ముందుమాట, పట్టిక, ఫోటోలు కలిపి 240. ఫారానికి, అంటే ఒక అచ్చు షీటుకి, 16 పేజీల లెక్కన సరిగ్గా 15 ఫారాలు. 243 పేజీలు వస్తే పదహారో ఫారం మొదలవుతుంది, పదమూడు ఖాళీ పేజీలకి కాగితం డబ్బు కడతారు. కాపీలు 300 లోపైతే డిజిటల్ ప్రింటు, 500 దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు.

వ్యాసకర్తకి "ఏదైనా రాయండి" అని ఉత్తరం పంపితే తన పాత సెమినార్ పత్రాన్ని మొదటి పేరా మార్చి ఇస్తాడు. "ఆయన ఫలానా వ్యాసంలో ఫలానా పేజీలో ఇలా అన్నారు, మీరు ఒప్పుకుంటారా?" అని అడిగితే కొత్తగా రాయక తప్పదు. గడువు మీకు కావాల్సిన దానికంటే రెండు నెలల ముందు పెట్టండి.

సంచికని కట్టే తీరుకి మంచి నమూనా ఒకటుంది. అమెరికాలో షిల్ప్ సంపాదకత్వంలో నడిచిన గ్రంథమాలలో 1952లో రాధాకృష్ణన్ మీద ఒక సంపుటం వచ్చింది. ముందు విమర్శకుల వ్యాసాలు, చివర వాటికి ఆయన సమాధానం. మీ మిత్రుడు ఇప్పుడు సమాధానం రాయలేడు. కానీ ఆ ఆక్షేపణల్లో కొన్నింటికి ఆయన బతికుండగానే ఎక్కడో ఒక ఫుట్‌నోట్‌లో, ఉత్తరంలో, సమీక్షలో జవాబు చెప్పి ఉంటాడు. వాటిని వెతికి తెచ్చి, ప్రతి విమర్శ వ్యాసం కిందా తేదీతో, పేజీతో వేయండి. దొరకనిచోట "దీనికి ఆయన రాసిన జవాబేదీ దొరకలేదు" అని వేసి వదిలేయండి. మీరు కల్పించి రాయొద్దు.

టైపు విషయంలో పట్టుబట్టాల్సింది ఒకటే: యూనికోడ్. డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్లు అలవాటని అంటారు. అచ్చు అందంగానే వస్తుంది, కానీ ఆ ఫైల్లో వెతకడం కుదరదు, తర్వాత యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు చెదురుతాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగు పెట్టకపోతే యూనికోడ్ తెలుగు కూడా విడిపోతుంది, మొదటి ప్రూఫులోనే "జ్ఞ", "క్ష", "త్త్వ" ఎలా వచ్చాయో చూడండి. సంస్కృత ఉద్ధరణలని సంస్కృతం వచ్చిన మనిషి, ముద్రిత ప్రతి పక్కన పెట్టుకుని, వేరేగా ఒకసారి దిద్దాలి. మామూలు ప్రూఫ్ రీడర్ కంటికి విసర్గ ఆనదు.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్యకి, డబ్బు కట్టనక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయాలన్న 1954 చట్టం ప్రకారం అచ్చైన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకి కాపీలు పంపాలి. వాటిలో ఒకటి మన ఎగ్మోరు కన్నెమరా. చిన్న సంచికలు తెచ్చేవాళ్లు దీన్ని వదిలేస్తారు, కేటలాగుల్లో ఆ పుస్తకాలు కనిపించకపోవడానికి అదో కారణం.

పుస్తకాలు, కాగితాలు

"అన్నీ లైబ్రరీకి ఇచ్చేద్దాం" అనడం సులువు. జాబితా లేకుండా ఏ లైబ్రరీ తీసుకోదు, ఉన్న పుస్తకం మళ్లీ తీసుకోదు. ముందు బీరువాల్లో వరసల్ని ఫోటో తీయండి, వెన్నుల మీద పేర్లు చదవగలిగేలా. ఆ ఫోటోల నుంచే జాబితా. అడయారు లైబ్రరీ 1886 నాటిది, సంస్కృత తత్త్వగ్రంథాలకి పేరున్నది. మైలాపూరులో కుప్పుస్వామి శాస్త్రి పరిశోధన సంస్థ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో రాధాకృష్ణన్ పేరిట తత్త్వశాస్త్ర అధ్యయన సంస్థ ఉంది. మూడుచోట్లా జాబితా చూపించి, ఎవరికి ఏది లేదో తెలుసుకుని పంచండి. మిగిలినవి శిష్యులకి.

ఒక రకం పుస్తకాల్ని మాత్రం వేరే పెట్టాలి. పేజీ అంచున పెన్సిల్‌తో "కాదు", "చూ. భామతి", లేదా రెండు అడ్డగీతలూ ఒక ప్రశ్నార్థకమూ ఉన్న పుస్తకం ఇక పుస్తకం కాదు, రాతప్రతి. లైబ్రరీలో దాన్ని మామూలు అలమరలో పెడితే పాఠకుడెవరో శుభ్రంగా రబ్బరుతో తుడిచేస్తాడు. ఇచ్చేముందు ఆ పేజీలన్నీ స్కాన్ చేయండి: అచ్చు పేజీకి 300 డీపీఐ, పెన్సిల్ రాతకి 600. ఫోనుతో తీస్తే కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్ వేస్తే పెన్సిల్ మెరిసి గీత మాయమవుతుంది.

ఈ ఊరి సముద్రపు గాలికి గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, స్టేపుల్ పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. మొదట అవి తీసేసి, కలిసి ఉన్న కాగితాల్ని మడతపెట్టిన తెల్లకాగితంలో పెట్టండి. మూలన పెన్సిల్‌తో పెట్టె నంబరు, వరస నంబరు వేయండి. పాలిథీన్ సంచుల్లో కట్టొద్దు, తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. అట్టపెట్టెల్ని నేలమీద, గోడకి ఆనించి పెట్టారంటే చెదలే ముందు చదువుతాయి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 మిచాంగ్ తుపానులో కింది అంతస్తుల్లోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో తెలిసిందే. కాగితాలు పై అంతస్తులోనే ఉండాలి, స్కాన్ చేసిన ఫైళ్లు కనీసం రెండు ఇళ్లలో.

హక్కుల సంగతి. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లపాటు కాపీరైట్ వారసులది. అనుమతి పత్రం మీద వారసులందరూ సంతకం చేయాలి, పెద్దబ్బాయి ఒక్కడూ చేస్తే చాలదు. జర్నల్ వ్యాసాలకైతే ప్రచురణకర్త ఒప్పందం కూడా చూడాలి. ఉత్తరాల్లో ఒక మెలిక ఉంది: ఆయనకి వచ్చిన ఉత్తరం కాగితం ఇంటివాళ్లది, అందులో రాతపై హక్కు రాసినవారిది. అచ్చువేయాలంటే వాళ్లని అడగాలి. కాఫీ మరకల మధ్య మూడోవాడి మీద చెప్పిన చాడీ ఉన్న ఉత్తరాలు కూడా ఉంటాయి. వాటిని చింపొద్దు, అచ్చూ వేయొద్దు, కవర్లో పెట్టి ఫలానా ఏడాదిదాకా తెరవకూడదని రాసి ఉంచండి.

సగంలో ఆగిన పుస్తకం దొరికితే దాన్ని పూర్తిచేయాలన్న ఆశ శిష్యులకి పుడుతుంది. పూర్తి చేయకూడదు. ఉన్నంతవరకే వేయాలి, సంపాదకుడి మాటలు చదరపు బ్రాకెట్లలో, రెండు చిత్తుప్రతులు వేరుగా ఉంటే ఏది తర్వాతదో సిరా, కాగితం, తేదీ చూసి తేల్చి, రెండోదాన్ని అనుబంధంలో. ఆయన కొట్టేసిన పేరా బాగుందని వెనక్కి తెచ్చి పెట్టొద్దు. ఎందుకు కొట్టేశాడో ఆయనకి తెలుసు.

ఏటా ఉపన్యాసం

నిధి పోగుచేసి ఏటా ఒక స్మారకోపన్యాసం పెట్టాలనుకునేవాళ్లు ముందు లెక్క వేసుకోవాలి. 5 లక్షలు డిపాజిట్ చేసి 6.5 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 32,500. అందులో నాలుగో వంతు, అంటే 8,125, తిరిగి అసల్లో కలపకపోతే పదేళ్లలో అసలు విలువ కరిగిపోతుంది. మిగిలిన 24,375లో పై ఊరినుంచి వచ్చే వక్తకి ప్రయాణం, రెండు రాత్రుల బస, హాలు, కరపత్రాలు. అంతే, ఇంకేమీ మిగలదు. అంత డబ్బు పోగవకపోతే ఉపన్యాసం వదిలేసి, ఏటా ఒక విద్యార్థి వ్యాసానికి 5,000 బహుమతి పెట్టండి, షరతు ఒకటే: వ్యాసం ఆయన వాదాన్ని ఖండించాలి, లేదా ఖండనకి జవాబు చెప్పాలి.

డబ్బు విశ్వవిద్యాలయానికి ఇస్తే ఒప్పందంలో తేదీ, విషయం, వక్తని ఎంచే కమిటీ, రెండేళ్లు వరసగా జరక్కపోతే ఏం చేయాలో రాయించండి. ఇలాంటి నిధులు ఆగిపోయేది డబ్బు లేక కాదు, ముగ్గురు మిత్రులూ రిటైరయ్యాక ఫైలు ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియక. డిపాజిట్ రసీదు, ఒప్పందం నకళ్లు శాఖలో ఒకటి, ఇంటివాళ్ల దగ్గర ఒకటి, నలభై ఏళ్లలోపు శిష్యుడి దగ్గర ఒకటి ఉండాలి.